తట్టమాత గుడికి తలుపు ఎందుకు లేదు

ఉప్పలమొగకు వచ్చే యాత్రికులు ముందుగా అడిగేది మాతను గురించి కాదు, తలుపును గురించి. "అయ్యా, ఇంత చక్కటి గుడి కట్టారు, తలుపు పెట్టించడం మరిచారా?" అంటారు. దొంగలెత్తుకుపోయారేమోనని జాలిపడేవారూ ఉన్నారు. తలుపు ఎక్కడికీ పోలేదు. మీరు పడవ దిగి, చెప్పులు చేతపట్టుకుని, కరకట్ట మీదుగా నడిచి వచ్చారు కదా, అది అక్కడే మీ కాళ్ళ కింద ఉంది.

లోపల పీఠం మీద మరియమాత బొమ్మను చూడండి. మూరెడు కొయ్య బొమ్మ. తల మీద కిరీటం లేదు, చంకన బాలయేసు లేడు. నడుమున మట్టితట్ట పెట్టుకుని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఇప్పుడే పనిలోంచి వచ్చినట్టు నిలబడి ఉంటుంది. చీర అంచుకు మట్టి అంటి ఉంటుంది. కొత్తగా వచ్చిన గురువులొకరు ఆ మట్టిని కడిగించబోతే, ఊరి ఆడవాళ్ళు ఆయన చేతిలోని చెంబు లాక్కున్నంత పని చేశారు. పాపం, ఆయనకు కథ తెలియదు. మీరైనా విని వెళ్ళండి.

పూర్వం ఇక్కడ గుడికి తాటాకు కప్పు, మట్టి గోడలు. ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, నడుమ పల్లపు నేల. ఆ నేలను కాపాడేది ఈ కరకట్ట ఒక్కటే. పీతలు దానికి బొరియలు పెడుతూనే ఉంటాయి. వేలు దూరే బొరియను వదిలేస్తే పోటు వచ్చిన రోజున అదే గండి అవుతుంది. అందుకని రోజుకొక ఇంటివారు తట్టెడు మట్టి ఎత్తుకుని కట్ట పొడుగునా నడిచి, కనపడ్డ బొరియనల్లా పూడ్చి రావాలి. దానిని కట్టవంతు అనేవారు. పెళ్ళివారింటికైనా చావింటికైనా వంతు తప్పేది కాదు.

ఆ ఊళ్ళో శౌరమ్మ అనే ఇల్లాలు ఉండేది. భర్త చిన్నప్ప వల వేసేవాడు. వారికి లూర్దు అని ఒక్కగానొక్క కూతురు. ఒక ఏడు వాంతుల జాడ్యం ఊరిమీద పడింది. భర్తా, బిడ్డా ఇద్దరూ ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు. శౌరమ్మకు మిగిలింది అత్త ఆరోగ్యమ్మ. ఆ ముసలావిడకు కాళ్ళలో సత్తువ లేకపోయినా నోటికి మాత్రం ఏ లోటూ లేదు. ఆనాటి నుంచి శౌరమ్మకు ఒకటే కోరిక. తానూ త్వరగా మోక్షానికి పోవాలి, బిడ్డను మళ్ళీ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. అన్నం ముందు కూర్చున్నా అదే ధ్యాస, జపమాల తిప్పినా అదే ధ్యాస.

గురువులు ఎప్పుడో గాని పడవలో వచ్చేవారు కారు. వారు లేనప్పుడు ప్రార్థనలు చెప్పించే ఉపదేశి ఇన్నాసయ్యే ఊరికి పెద్దదిక్కు. మంచివాడు. జాడ్యంలో పోయినవారిలో ఎందరినో తన చేతులతోనే పూడ్చిపెట్టాడు. గుడి గోడలు మట్టివైనా, ఊరూరా తిరిగి టేకు సంపాదించి, వడ్రంగి పక్కనే కూర్చుని ఒక తలుపు చేయించాడు. ఆ తలుపంటే ఆయనకు ప్రాణం. ఏడుస్తున్న జనాన్ని ఓదార్చడానికి ఆయన ఇలా చెప్పేవాడు: "ప్రభువు వచ్చే గడియ దగ్గరపడింది. మనం ఇక్కడ సత్రంలో దిగినవాళ్ళం. పొద్దున్నే లేచి పోయేవాడు సత్రం గోడకు సున్నం వేస్తాడా?"

చెప్పింది ఓదార్పుకే. కానీ బిడ్డలను పోగొట్టుకున్న జనానికి ఆ మాట కల్లులా ఎక్కింది. మొదట వలలు బాగుచేసుకోవడం మానారు. తరువాత నారు ముదిరిపోతున్నా నాట్లు వెయ్యలేదు. చివరికి కట్టవంతూ ఆగిపోయింది. పగలంతా గుడిలోనే ఉండి పాటలు పాడుకునేవారు. అందరికంటే ముందు కూర్చునేది శౌరమ్మే.

"నువ్వు పైకి పోతే నాకు గంజి ఎవరు పోస్తారే?" అని ఆరోగ్యమ్మ సాధించేది.

"నువ్వూ వస్తావుగా అత్తా!"

"వస్తాలే. పిలిచినప్పుడు వస్తా. పిలవని పేరంటానికి ఇప్పట్నించే చీర కట్టుకుని కూచోమంటావా?"

కోడలు నవ్వేది కాదు. ఆ ఇంట్లో నవ్వు మరిచిపోయి చాలా కాలమైంది.

ఆ ఏడు ముసురు పట్టి విడవలేదు. ఒకనాడు మధ్యాహ్నానికి తూర్పు గాలి తిరిగింది. ఆకాశం సీసపు రంగుకు దిగింది, కొబ్బరిచెట్లు నేలకు వంగిపోసాగాయి. ఇన్నాసయ్య ఊరంతా తిరిగి, "గడియ వచ్చింది, ఉతికిన బట్టలు కట్టుకుని గుడికి రండి!" అని కేకవేశాడు. జనం పిల్లాజెల్లా ఎత్తుకుని వెళ్ళారు. శౌరమ్మ అత్తను పొరుగువారి వెంట ముందుగా పంపింది. భర్త కొనిపెట్టిన తెల్లచీర పెట్టెలోంచి తీసి కట్టుకుంది. ఉపవాసాలతో ఒళ్ళు తూలుతుంటే గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుంది. అంతే, కునుకు పట్టింది.

ఆ కునుకులో ఆమెకు కల వచ్చింది. ఎదురుగా గుమ్మం, గుమ్మం అవతల వెలుగు. ఆ వెలుగులో చిన్నప్ప బిడ్డను భుజాన ఎక్కించుకుని నిలబడి ఉన్నాడు. బిడ్డ చేతులు చాచింది. శౌరమ్మ పరుగున వెళ్ళి గడప మీద కాలు పెట్టబోయింది. ఆ గుమ్మంలో ఒక తల్లి నిలబడి ఉంది. కుచ్చిళ్ళు దోపుకుని ఉంది, చీర అంచంతా బురద, నడుమున మట్టితట్ట.

"నీ తట్ట ఏదమ్మా?" అని అడిగింది ఆ తల్లి.

శౌరమ్మ తన చేతులు చూసుకుంది. రెండూ ఖాళీ.

"ఈరోజు కట్టవంతు నీది కదా?" అంది ఆ తల్లి. కోపంగా అనలేదు. పనిచోట సాటి ఆడమనిషిని అడిగినట్టే అడిగింది.

శౌరమ్మ ఉలిక్కిపడి లేచింది. పాదాలకు తడి తగిలింది. గడప దాటి నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయి. వాన నీళ్ళేమో అనుకుని వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఉప్పగా ఉన్నాయి! ఉప్పునీళ్ళు వచ్చాయంటే కట్ట తెగినట్టే. మూలన బోర్లించి ఉన్న తట్ట చంకన పెట్టుకుని కట్టవైపు పరుగెత్తింది.

వెళ్ళి చూస్తే, ఎన్నాళ్ళుగానో ఎవరూ పూడ్చని బొరియల దగ్గర కట్ట విరిగి, ఎద్దు పట్టేంత గండి పడింది. సముద్రం రొప్పుతూ లోపలికి వస్తోంది. గుడి ఉన్నది ఆ పల్లంలోనే. నీళ్ళు మట్టి గోడల మొదళ్ళు నాన్చితే గుడి మొత్తం లోపలున్నవారి నెత్తిన కూలుతుంది. శౌరమ్మ ఒక తట్ట మట్టి పోసింది, నీళ్ళు మింగేశాయి. ఇంకొకటి పోసింది, అదీ పోయింది. ఒక్కతి వల్ల అయ్యే పని కాదు.

అప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది, దాచడం ఎందుకు, చెప్పుకోవాలి. ఇక్కడే కూర్చుంటే చాలు. నీళ్ళే తీసుకుపోతాయి. చిన్నప్ప దగ్గరికి, లూర్దు దగ్గరికి. ఇన్నాళ్ళూ మొక్కుకున్నది దీనికే కదా? ఆమె నిజంగానే కూర్చుంది. నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. కానీ గుమ్మంలోని ఆ తల్లి ముఖం కళ్ళ ముందు నుంచి కదలలేదు. "అయ్యో, ఏం ముఖం పెట్టుకుని పోను!" అని గట్టిగా ఏడ్చి, లేచి గుడికి పరుగెత్తింది.

గుడి తలుపు గడియ పెట్టి ఉంది. లోపల పాట సాగుతోంది.

"ఉపదేశిగారూ! కట్ట తెగింది! తలుపు తియ్యండి!"

పాట ఆగలేదు. ఆమె రెండు పిడికిళ్ళతో బాదింది. చాలాసేపటికి ఇన్నాసయ్య గొంతు తలుపు దగ్గరగా వినిపించింది.

"అమ్మా శౌరమ్మా, లోపలికి వస్తానంటే తీస్తాను. మమ్మల్ని బయటికి పిలవడానికైతే తియ్యను. ఇంత దూరం వచ్చి ఇప్పుడు వెనక్కి చూడకూడదు తల్లీ."

"గండి ఇంకా చిన్నదే అయ్యా! అందరూ వస్తే పూడుతుంది! పసిపిల్లలున్నారు లోపల!"

"పిల్లలను ప్రభువు చూసుకుంటాడు. లోపలికి రా."

గాలికి కప్పు తాటాకులు లేచిపోతున్నాయి. తలుపు తీస్తానంటున్నాడు. లోపల దీపం ఉంది, పాట ఉంది, కోరుకున్న చావు ఉంది. లోపలికి రమ్మన్న ఆ పిలుపు ఆమెకు ఎంత తియ్యగా ఉందో చెప్పలేం. శౌరమ్మ నుదురు తలుపుకు ఆనించి, అరవడం మాని, లోపలివారికి వినిపించేలా మాట్లాడింది.

"అయ్యా, అందరికంటే ముందు పోవాలనుకున్నది నేను. మీకు తెలుసు. ఇందాక పోయాను కూడా. నా బిడ్డ చేతులు చాచింది. గుమ్మంలో మరియమ్మ తల్లి నన్ను ఆపింది. నీ తట్ట ఏదీ అని అడిగింది. నా దగ్గర లేదు. మీ దగ్గర ఉందా? అక్కడ గుమ్మంలో నిలబెట్టి అడిగితే ఏం చెబుతారు? తలుపేసుకుని పాడుకున్నామని చెబుతారా?"

పాట ఆగిపోయింది. అప్పుడు చేతికర్ర నేలకు కొట్టుకుంటున్న చప్పుడు, దాని వెంటే ఆరోగ్యమ్మ గొంతు వినిపించాయి.

"ఒరే ఇన్నాసీ! తలుపు తియ్యరా! నా కొడుకు పోయాడు, మనవరాలు పోయింది. ఉన్న ఒక్క కోడలు బయట నీళ్ళల్లో ఉంది. దాన్ని అక్కడ వదిలేసి నేను మోక్షానికి వస్తే నా కొడుకు నా ముఖం చూస్తాడా? తీస్తావా, ఈ కర్రతో నీ కాళ్ళు విరగ్గొట్టనా?"

గడియ ఊడింది. ఇన్నాసయ్య తలుపు తెరిచేసరికి నీళ్ళు గుడి మెట్టును నాకుతున్నాయి. ఆయన ఆ నీటిని చూశాడు, వెనకనున్న పిల్లలను చూశాడు. "తండ్రీ, ఎంత పని చేశాను!" అని తల బాదుకున్నాడు. జనం ఒక్క ఉదుటున కట్టమీదికి పరుగెత్తారు.

అప్పటికే గండి ఇంకా పెద్దదైంది. మగవారు గుంజలు పాతారు, తాటికమ్మలు అడ్డం పెట్టారు. పోటు వాటిని ఊడబెరుక్కుని పోయింది. తట్టల కొద్దీ పోసిన మట్టి నిలిచే దారి లేకపోయింది. వెడల్పాటిది, బలమైనది ఏదైనా అడ్డం పడితే తప్ప ఆ గండి పూడదు. ఊళ్ళో అలాంటిది ఏముంది? అందరికీ తట్టింది, కానీ ఎవరికీ నోరు రాలేదు. ఇన్నాసయ్యే వెనక్కి తిరిగాడు. గుడికి వెళ్ళి, తాను కూర్చుని చేయించిన తలుపును తన చేతులతోనే బందుల నుంచి ఊడదీశాడు. నలుగురి సాయంతో నెత్తిన మోసుకుని తెచ్చి గండిలో నిలువునా దించాడు. దించి, తానూ దిగి వీపు ఆనించి నిలబడ్డాడు. ఆయన పక్కన శౌరమ్మ నిలబడింది. ఇంకా కొందరు దిగారు.

ఒక్కో అలకు తలుపు వెన్నులు విరిచేట్టు నెట్టేది. శౌరమ్మ పళ్ళు బిగబట్టి, "ఇంకొక్క తట్ట, ఇంకొక్క తట్ట" అని అరుస్తూనే ఉంది. ఆడవారు తట్టలు అందించుకుంటూ మట్టి పోశారు. సరిగ్గా నడవలేని ఆరోగ్యమ్మ కట్టమీద కూర్చుని కొంగులో మట్టి ఎత్తి ఇచ్చింది, మధ్యమధ్య సముద్రాన్ని తిట్టింది. సాయంకాలానికి పోటు తీసింది. గండిలోంచి కారే నీరు చెయ్యి మందానికి వచ్చి, చివరికి ఆగింది. ప్రభువు వచ్చే గడియ కోసం గుడిలో కాచుకున్న జనం ఆ పూట బురదలో ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు.

తెల్లవారి వానలోనే నాట్లకు దిగారు. కట్టవంతు మళ్ళీ మొదలైంది. కొత్త తలుపు చేయిద్దామని పెద్దలు అంటే ఇన్నాసయ్య ఒప్పుకోలేదు. "మళ్ళీ నాలాంటివాడొకడు గడియ పెడతాడు, వద్దు" అన్నాడు. పనిలేకుండా మిగిలిన ద్వారబంధపు కొయ్యను వడ్రంగికి ఇచ్చి, శౌరమ్మ కలలో చూసిన తల్లిని చెప్పింది చెప్పినట్టు చెక్కించాడు. బొమ్మ అంచుకు గండి దగ్గరి మట్టి పూసింది శౌరమ్మే.

ఆమె వెంటనే మోక్షానికి పోలేదు. పోవాలన్న కోరికా చావలేదు. అత్తకు చివరిదాకా గంజి పోసింది, ఆవిడ తిట్లు తిన్నది. అమ్మానాన్నా లేని పిల్లలకు తల దువ్వింది. తల నెరిసినా, నడుము వంగినా, పొద్దున్నే కట్టమీదికి పోతూ గుడి ముందు ఆగి, "ఇంకా ఎన్నాళ్ళు తల్లీ?" అని అడిగేది. జవాబు వచ్చేది కాదు. తట్ట సర్దుకుని సాగిపోయేది. ఆ అడగడమే ఆమె జపం అయింది. చివరి జబ్బులో మంచం మీదికి తట్ట తెమ్మంది. చుట్టూ ఉన్న ఆడవారు, "ఇప్పుడెందుకమ్మా?" అంటే, "మళ్ళీ గుమ్మంలో ఆపితే ఏం చూపించను?" అంది. ప్రాణం పోయాక కూడా ఆమె వేళ్ళు తట్ట అంచును వదల్లేదు. విడదీయడానికి ఎవరికీ మనసు రాక, అలాగే సమాధి చేశారు. ఆ సమాధి కట్ట మొదట్లోనే ఉంది.

అప్పటి నుంచి ఈ క్షేత్రంలో ఆచారం ఇది. తిరునాళ్ళకు వచ్చిన ప్రతి యాత్రికుడూ ముందు రేవు దగ్గరి మట్టిదిబ్బ నుంచి ఒక తట్ట ఎత్తి కట్టమీద పోయాలి, ఆ తరువాతే గుడిలోకి రావాలి. కొవ్వొత్తులు వెలిగించడం ఆ పైన. దిబ్బ దగ్గర కూర్చున్న ముసలమ్మలు, ఎంత గొప్పవారు వచ్చినా సరే, "నీ తట్ట ఏదీ?" అని అడుగుతారు. నొచ్చుకోకండి. అయినవారిని పోగొట్టుకుని, ఇక బతకడం ఎందుకని వచ్చినవారు ఎందరో ఇక్కడ ఒక తట్ట పోసి, ఇంటికి తిరిగి వెళ్ళి పొయ్యి వెలిగించారు. తట్టమాత ఇచ్చే వరం ఇదే, ఇంకో రోజు పనికి సరిపడా సత్తువ. ఉప్పలమొగలో ఎవరు కన్నుమూసినా, పెట్టె మూసేముందు కుడి అరచేతిలో కట్టమట్టి పిడికెడు పెడతారు. ఈ ఊరివారెవ్వరూ ఆ గుమ్మం ముందుకు ఖాళీ చేతులతో పోరు.