గవికొండ పాదాన కంతమ్మ వెలసిన వైనం

పూర్వం, ఈ గవికొండ చుట్టూ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యకిరణం నేలకు దిగనంతటి మహారణ్యం ఉన్న కాలంలో, బయ్యమ్మ అనే గొల్ల ఇల్లాలు తన కూతురు నీలసానితో కొండపాదాన గుడిసె వేసుకుని, ఆలమందను నమ్ముకుని జీవించేది. ఆమె పెనిమిటినీ కొడుకునూ ఒకే వేసవిలో పెద్దపులి పొట్టన పెట్టుకుంది. నాటినుండి ఆ తల్లి హృదయంలో భయం తప్ప మరొక దైవానికి చోటు లేకపోయింది. తప్పుపట్టి చెబుతున్న మాట కాదు నాయనా, కన్నకడుపు అటువంటిది.

దొడ్డి చుట్టూ ముళ్ళకంప వేసేటప్పుడు తూర్పున ఒక దూడ దూరేంత సందు వదలడం ఆ గొల్లలకు తాతముత్తాతల నాటి ఆచారం. ఆ సందును వారు కంత అంటారు. అది అడవితల్లి నడిచే దారి అని వారి విశ్వాసం. బయ్యమ్మ ఆ కంతనే మూసివేసింది. ఏటేటా వరుస మీద వరుస తుమ్మకంప పేర్చి, పడమట ఒక్క తడిక మాత్రం ఉంచి, తాను మందతో వెళ్ళినప్పుడు దాన్ని కూడా బయటినుండి బిగించేది. లోపల ఆ పిల్లకు పాలూ మీగడా, ఆటకు దూడలూ, అన్నీ ఉన్నాయి. గడప దాటే భాగ్యం ఒక్కటే లేదు. అదీ చాలదన్నట్టు, మందలో ముందు నడిచే ఆవుకు కట్టే గంటను విప్పి బిడ్డ మెడలో కట్టింది. ఇంట ఉన్నంతసేపూ గంట వినిపిస్తేనే ఆమె చేతికి పని సాగేది. ఒక్క క్షణం ఆగిందా, పైప్రాణాలు పైనే పోయేవి.

నీలసాని ఎదిగింది. "అమ్మా, నేనూ మందతో వస్తానే. ఎన్నాళ్ళిలా కట్టేస్తావు?" అని ఒకనాడు బతిమాలింది.

"నోర్ముయ్యి! మీ అన్న కూడా ఇట్లాగే వస్తానన్నాడు," అని తల్లి కసిరి, చాటుకు పోయి ఏడ్చింది.

మరునాటి ఉదయం చూస్తే తూర్పున కంప తొలగి కంత తెరుచుకుని ఉంది. దాని ముందు తడిమట్టిలో పులి అడుగులు! బయ్యమ్మ కంప ఈడ్చుకొచ్చింది. గబగబా మూసింది. తెల్లవారేసరికి మళ్ళీ తెరుచుకుంది. ఎంత మూసినా అంతే. చివరకు ఆమె అడవి వైపు తిరిగి, "ఓసి తల్లీ, ఉన్న ఒక్క నలుసు మీదా పడిందా నీ కన్ను? ఇవ్వను. నీకు దిక్కున్నచోట చెప్పుకో!" అని అరిచింది. సాక్షాత్తు అమ్మవారితో అన్నదండీ ఆ మాట!

ఆ వేసవిలోనే ఒక సాయంసంధ్యవేళ పడమటిగాలికి కార్చిచ్చు కొండ దిగింది. ముందుగా తడిక అంటుకుంది, ఆపైన ఏళ్ళ తరబడి ఎండిన కంప అంతా భగ్గుమంది. బిడ్డను కాచిన కోటే బిడ్డకు చితి అవుతుంటే, తల్లీకూతుళ్ళు తూర్పుకు పరుగెత్తారు. కంత తెరిచే ఉంది. కంతకు ఆవల పెద్దపులి నిలబడి ఉంది.

"నువ్వు దూరు, పో!" అంది బయ్యమ్మ.

"పులుందే అమ్మా! నువ్వూ రా!"

"నేను పట్టనే తల్లీ."

రెండు చేతులా కంప లాగింది, మోచేతుల దాకా రక్తం కారింది, సందు పెరగలేదు. ఆవల నిలిచింది అడవితల్లో, తన కొడుకును తిన్న మృగమో ఆమెకు తెలియలేదు. తెలియకుండానే పంపవలసి వచ్చింది. బిడ్డను కంతలోకి నెట్టింది. మెడలోని గంటతాడు ముళ్ళకు తగులుకుంటే, తాను కట్టిన ఆ తాడును తానే పళ్ళతో కొరికి తెంచింది. ఇంకా తన చేతిలోనే ఉన్న ఆ చిన్నచేతిని చూసి, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి వదిలేసింది. పులి వెనుదిరిగి, ముందావు మాదిరి దారితీసింది. గంట చప్పుడు లేదు. బిడ్డ బతికిందో లేదో వినే వీలు ఆ తల్లికి లేకపోయింది.

మరునాడు గొల్లలు వచ్చి, వాగు అవతల ఇసుకలో నిద్రపోతున్న నీలసానిని చూశారు. చుట్టూ పులి అడుగులున్నాయి, ఒంటి మీద గీత కూడా లేదు. ఇక్కడ బూడిద నడుమ, కంత ఉన్నచోట, ముందుకు వంగి చెయ్యి చాచిన శిల ఒకటి కనిపించింది. బూడిద చల్లారినా ఆ శిల చల్లారలేదు.

ఆ శిలే కంతమ్మ. గుడికి నేటికీ తలుపు లేదు, చుట్టూ తుమ్మకంప, తూర్పున కంత. బిడ్డను చదువుకో కొలువుకో అత్తవారింటికో పంపే తల్లులు మెడలో గంట కట్టి తెచ్చి, ఇక్కడ విప్పి, కంతలోంచి సాగనంపుతారు. వెనక నుంచి పిలవకూడదు. కొంగు నోట కుక్కుకుని వణికిపోయేవారిని ఈ గుడి పూజారిగా రోజూ చూస్తుంటాను. అటువంటివారిని నేను అమ్మవారి దగ్గర కూర్చోబెట్టి, ఆ రాతిచేతిని ఒకసారి తాకి చూడమంటాను. ఇప్పటికీ వెచ్చగానే ఉంటుందమ్మా; వేళ్ళు మాత్రం తెరిచే ఉంటాయి.