మాగని ఎరువు

"అయ్యయ్యో! పచ్చిక మాడిపోయిందర్రో! రండర్రో!"

ఆ అరుపు వీధి ఆ చివర నుంచి ఈ చివరికి వినిపించింది. అరిచింది బాతు పిన్ని. ఏ వీధంటారా? అడవి అంచున జంతువులన్నీ ఇళ్ళు కట్టుకున్న వీధి, పిల్లలూ! అనగనగా అని నెమ్మదిగా మొదలెడదామనుకున్నాను. ఆ బాతు నన్ను ఆగనిస్తేగా!

ఆ వీధి మధ్యలో అందరికీ కలిపి ఒక పచ్చిక ఉంది. దానికో ఆచారం ఉంది. వీధిలో ఎవరు బిడ్డను కన్నా, ఇరవై ఒకటో రోజున ఆ తల్లి గడప దాటి వచ్చి అక్కడ మొదటి మేత మేస్తుంది. ఆ తర్వాతే అందరూ కూర్చుని తింటారు. అందాకా ఎవరూ అందులో మూతి పెట్టకూడదు. ఈసారి బిడ్డను కన్నది చుక్కమ్మ అనే లేడి. పాపం, పాలు సరిగా పడటం లేదు. ఆ లేత గడ్డి మీదే ఆశ పెట్టుకుంది. ఇరవై ఒకటో రోజు ఎల్లుండే!

పచ్చికను పెంచే వంతు ఈ ఏడు చెంగయ్య అనే కుందేలుది. ముసలి తాబేలు డిప్పయ్య తాత వాడికి ముందే చెప్పాడు.

"ఒరే, కోడిపెంట మహా వేడి. ఆరు నెలలు మాగనియ్. పలచగా చల్లు. చల్లిన వెంటనే నీళ్ళు పెట్టు."

మొదటిసారి చెంగయ్య అలాగే చల్లాడు. గడ్డి చక్కగా లేచింది. "అబ్బ, చెంగయ్యది మంచి చెయ్యి!" అన్నాడు మేక బాబాయి.

రెండోసారి రెండింతలు చల్లాడు. గడ్డి నిగనిగలాడింది. "మా పుట్టింటి వైపు కూడా ఇంత పచ్చన లేదమ్మా!" అంది బాతు పిన్ని.

పొగడ్త తీపి కదా, ఇంకా కావాలనిపిస్తుంది. మూడోసారికి మాగిన ఎరువు అయిపోయింది. చెంగయ్య కోళ్ళ గూటి కిందనుంచి పచ్చి పెంట తట్టలకొద్దీ మోసుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో కుమ్మరించేశాడు. మరి నీళ్ళో? "సాయంత్రం చూద్దాంలే" అని పడుకున్నాడు. సాయంత్రం మరిచిపోయాడు.

ఇంకేముంది! మూడు రోజులు తిరిగేసరికి బాతు పిన్ని అరుపు. అందరూ పరుగెత్తుకొచ్చారు. చుక్కమ్మ మాత్రం తన గడప లోపలే నిలబడి చూసింది. పెనం మీద మరిచిపోయిన అట్టులా ఉంది పచ్చిక.

"ఏమైందిరా చెంగయ్యా?" అన్నాడు మేక బాబాయి.

చెంగయ్య నోటికొచ్చింది అనేశాడు. "గంపన్న పొర్లాడు. వేళ్ళు కదిలి గడ్డంతా ఎండిపోయింది."

గంపన్న అంటే గాడిద. పొర్లడం వాడికి అలవాటే. అందుకే అందరూ నమ్మేశారు.

"నీకు పొర్లడానికి బూడిదే దొరకలేదట్రా? బాలింత మేతే దొరికిందా?" అని మేక బాబాయి ఎగిరాడు. "ఎల్లుండి విందుకు నువ్వు రావద్దు, పో!"

గంపన్న బిత్తరపోయాడు. "నేనా? నేను పొర్లింది బూడిదలోనే అనుకున్నానే... ఏమో బాబాయ్, దురద పుడితే నాకు ఒళ్ళు తెలీదు. నేనేనేమో. తప్పయిపోయింది చుక్కమ్మా."

చెయ్యని తప్పుకి తల వంచుకున్నాడు. వాగుకి పోయి రెండు కుండల నీళ్ళు మోసుకొచ్చి, మాడిన చోట పోశాడు. మళ్ళీ పోయాడు, మళ్ళీ తెచ్చాడు. మూడోసారి వస్తూ చెంగయ్య దగ్గర ఆగాడు.

"నీ కష్టమంతా పాడు చేశానురా చెంగయ్యా. మనసులో పెట్టుకోకు."

చెంగయ్య చెవులు రెండూ వీపుకి అతుక్కుపోయాయి. కుందేలుకి సిగ్గేస్తే దాచుకునే వీలు లేదు పిల్లలూ, చెవులే చెప్పేస్తాయి. వాడి బొరియ రెండు గంతుల దూరంలోనే ఉంది. దూరిపోతే ఎవరికీ తెలియదు. ఒక గంతు వేశాడు కూడా. రెండోది వెయ్యలేకపోయాడు. వెనక్కి తిరిగాడు.

"గంపన్న కాదు. నేనే. పచ్చి పెంట పోశాను. నీళ్ళు పెట్టలేదు. వాడి మీద అబద్ధం చెప్పాను."

ఎవరైనా తిడితే బాగుండును. ఎవరూ తిట్టలేదు. మేక బాబాయి గంపన్న మొహం చూడలేక గడ్డం గీరుకున్నాడు. చుక్కమ్మ గడప లోపలి నుంచే ఒక్కమాట అంది.

"మరి నా బిడ్డకి పాలెలా, చెంగయ్యా?"

చెంగయ్య వంగి, కాళ్ళతో ఆ పెంటంతా గీకి ఎత్తసాగాడు. గంపన్న వెనకే నీళ్ళు పోశాడు. అప్పటికి డిప్పయ్య తాత నడుచుకుంటూ వచ్చి చేరాడు. మట్టి తవ్వి చూశాడు.

"వేరు బతికే ఉంది. పదిహేను రోజులకి చిగురిస్తుంది. ఎల్లుండికి మాత్రం కాదు."

చెంగయ్య తన గుమ్మం ముందు సొంతానికి పెంచుకున్న లేత గరికంతా కోసేశాడు. ఒక్క పోచ మిగల్చలేదు. ఇది చూసి మిగతావాళ్ళూ తమ పెరళ్ళ నుంచి తలా ఒక కట్ట తెచ్చారు.

ఇరవై ఒకటో రోజున, మాడిన పచ్చిక గట్టు మీదే చుక్కమ్మ మొదటి మేత మేసింది. కడుపు నిండా మేసింది. ఇక అందరి వంతు. చెంగయ్య మాత్రం దూరంగా నిలబడ్డాడు.

"రారా," అన్నాడు గంపన్న. "నువ్వు కూర్చుంటే గానీ నేను ముట్టను."

"వాడు ముట్టకపోతే నేనెలా తినేది?" అన్నాడు మేక బాబాయి. "పొద్దుట్నించీ ఆకలి. కూర్చో నాయనా, నీకు పుణ్యముంటుంది!"

చెంగయ్య తల ఎత్తకుండానే వచ్చి గంపన్న పక్కన కూర్చున్నాడు. అప్పుడు అందరూ కలిసి తినడం మొదలుపెట్టారు.

నీతి: పొగడ్త కోసం అతి చేస్తే పని మాడుతుంది, ఆ తప్పుని ఇంకొకరి నెత్తిన రుద్దితే మన మనసే మాడుతుంది. ఒప్పుకున్నవాడికే మళ్ళీ పంక్తిలో చోటు.