తిరగలి ఆగిన చోట

అనగా అనగా, కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక ఊళ్ళో అప్పాయమ్మ ఉండేది. ఊరందరి పిండీ ఆమే విసిరేది. అక్షరం ముక్క రాదు. కథంటే మాత్రం చెవి కోసుకునేది.

ఎదురింటి పారమ్మ బడిలో ఒక్కతే ఆడపిల్ల. గడగడా చదివేది. ఏం చదివావే అంటే నోరు మెదిపేది కాదు. మగపిల్లలూ అంతే. కానీ వాళ్ళని మేకల వెంట పంపుతామని ఏ తండ్రీ అనలేదు. పారమ్మ నాన్న అన్నాడు. "రేపు పంతులికి జవాబు చెప్పకపోతే బడి మానెయ్."

పారమ్మ ఏడుస్తూ పుస్తకంతో అప్పాయమ్మ తిరగలి పక్కన చేరింది.

"నాకూ ఇనబడేలా చదవే గుంటా," అంది అప్పాయమ్మ.

"మొగుడూ పెళ్ళామూ ఏరు దాటుతున్నారు. మొగుడు ముందు నడిచాడు. పెళ్ళాం నెత్తిన నెయ్యి కుండతో, బిడ్డతో వెనక నడిచింది."

తిరగలి ఆగింది.

"బిడ్డ ఏ చంకనుందే?"

"పుస్తకంలో లేదత్తా."

"నేకపోతే నీ కళ్ళల్లో ఉండాల. మూసి చూడు."

పారమ్మ చూసింది. "ఎడం చంకన. కుడిచెయ్యి కుండ మీద."

తిరగలి తిరిగింది.

"ఏరు పొంగింది."

తిరగలి ఆగింది. "ఎందాకా వచ్చాయే నీళ్ళు?"

"రొమ్ము దాకా. బిడ్డ కాళ్ళు తడుస్తున్నాయి. తల్లి వాడిని రెండు చేతులా పైకెత్తింది."

తిరగలి తిరిగింది.

"కుండ కొట్టుకుపోయింది. అజాగ్రత్త మనిషివి అని మొగుడు తిట్టాడు."

ఈసారి తిరగలి ఆగలేదు. పారమ్మే ఆగింది.

"ఉండత్తా! మరి ఆయన చేతుల్లో ఏముంది?"

అప్పాయమ్మ నవ్విన నవ్వుకి పిండి ఎగిరింది. "నన్నడుగుతావేటే? చూస్తున్నదానివి నువ్వు!"

మర్నాడు పంతులు అడిగాడు. "కుండ ఎందుకు పోయింది?"

"ఆమె అజాగ్రత్త వల్ల," అన్నారు మగపిల్లలందరూ ఒకే గొంతుతో.

పారమ్మ నాన్న మేకల కర్ర పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. పారమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆమె రెండు చేతులూ బిడ్డకే సరిపోయాయి పంతులుగారూ. ఖాళీ చేతులు రెండు ముందు నడుస్తున్నాయి."

పంతులు పుస్తకం తీసి చూశాడు. మళ్ళీ చూశాడు. "ఈ పిల్ల చదివింది," అన్నాడు.

నాన్న కర్ర వంక చూసుకున్నాడు. మేకల వెంట తనే పోయాడు.

అప్పాయమ్మ పోయాక ఆ తిరగలిని బడి గుమ్మం దగ్గర పెట్టారు. ఇప్పటికీ అక్కడ ఎవరైనా కథని కళ్ళల్లో చూడకుండా గడగడా చదివితే, పక్కవాళ్ళు "తిరగలి ఆగింది!" అంటారు. చదివేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు.

ఆమె బొమ్మ ఎవరూ గియ్యలేదు. ఎలా ఉండేదని పిల్లలు అడుగుతారు. పెద్దవాళ్ళు చెప్పరు.

"ఏ చేత్తో విసిరేదో ముందు నువ్వు చెప్పు," అంటారు.