పదహారు మంది చేసిన బొమ్మ

ఒక రాణి కూతురు చనిపోయింది. రోజులు గడిచేకొద్దీ ఆ పిల్ల మొహం కూడా రాణి మనసులోంచి కొంచెం కొంచెంగా పోతోంది.

"దాని బుగ్గ మీద సొట్ట ఏ వైపో నిన్న గుర్తురాలేదు," అంది రాజుతో. "అంతా పోకముందే బొమ్మ చేయించండి."

రాజు తోలుబొమ్మలు చేసే ముసలాయన్ని పిలిపించాడు.

"పదహారు రోజులు పడుతుంది దొరా. రోజూ అమ్మగారు చెప్తుంటే నేను గీయాలి."

"అప్పటికి ఆమెకి ఏం గుర్తు మిగుల్తుంది? పదహారు మందిని పెడతా. ఒక్కరోజులో అయిపోవాలి."

"పదహారు పొయ్యిల మీద పెడితే అన్నం తొందరగా ఉడుకుతుందా దొరా?"

"వంట సంగతి నీకెందుకు? ఉలి పట్టుకో."

మేకతోలు పదహారు ముక్కలు చేసి పంచారు. చేతులు, కాళ్లు, జడ, పావడా మధ్యాహ్నానికే అయిపోయాయి. రాజుకి ఆశ పుట్టింది.

మొహం మాత్రం నలుగురికి వచ్చింది. నలుగురికీ రాణి కావాలి. రాణి ఒక్కతే. గుమ్మం ముందు వరసకట్టారు.

"తొందరగా కానీ అన్నా, పొద్దు వాలుతోంది," అన్నాడు ముక్కు చేసేవాడు.

"నీది ముక్కేగా, రెండు బొక్కలు. కాసేపు ఆగు," అన్నాడు కళ్లు చేసేవాడు.

ఎవరు అడిగితే వాళ్లకి, ఆ క్షణంలో గుర్తొచ్చింది చెప్పింది రాణి. ఒకడికి అలిగినప్పటి కళ్లు. ఒకడికి జ్వరంలో కందిన ముక్కు. ఒకడికి పకపకా నవ్వినప్పటి నోరు. బుగ్గలు చేసేవాడికి, సొట్ట ఎడమవైపే అనుకుంటా అంది. ఒకడి ముక్క ఇంకొకడు చూళ్లేదు. అంత తీరిక లేదు.

పొద్దు గుంకేలోపు అన్నీ దారంతో కలిపి, కిటికీలో ఎండకి అడ్డంగా వేలాడదీశారు.

రాణి చాలాసేపు చూసింది.

"కళ్లు దానివే. ముక్కు దానిదే. నోరూ దానిదే," అంది. "ఈ పిల్ల ఎవరు?"

రాజు ముసలాయన వైపు తిరిగాడు. "నువ్వే చెయ్యి. పదహారు రోజులూ తీసుకో."

ముసలాయన కొత్త తోలు పరిచి రాణి పక్కన కూర్చున్నాడు. "చెప్పండమ్మా."

రాణి కళ్లు మూసుకుంది.

"కళ్లు మూసినా ఈ బొమ్మ మొహమే కనపడుతోంది," అంది చివరికి.

ముసలాయన లేచి, కిటికీలోంచి బొమ్మని తీసి, మూలన బోర్లా పెట్టాడు.

"ఇప్పుడమ్మా?"

ఆమె కళ్లు తెరవలేదు.

"ఇంకా అదే ఉంది," అంది.