నూకాలు గుమ్మంలో బుట్ట

అనగా అనగా, మా ముత్తవ్వకి ముత్తవ్వ కూడా పుట్టకముందు మాట. వింటే "ఊఁ" కొట్టండి. మధ్యలో సలహాలు మాత్రం ఇవ్వకండి. సలహాలంటే నూకాలుకీ నాకూ ఒళ్లు మంట.

నూకాలు బుట్టలల్లుకు బతికే మనిషి. మొగుడు సన్యాసి వెదురు కొట్టుకొచ్చేవాడు. ఓ ఏడు ఊరంతా విషజ్వరం తిరిగింది. సన్యాసికీ తగిలింది. జ్వరం పోయింది, నీరసం పోలేదు. నాలుగడుగులేస్తే ఆయాసం, ముద్ద నోట్లో పెడితే రుచి లేదు.

ఇంక చూడండి పరామర్శలు! జబ్బుమనిషి దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్లరు కదా మనవాళ్లు!

మొదట సన్యాసి మేనత్త వచ్చింది. "ఇదిగో శొంఠిపొడి. చల్ల మాత్రం పొయ్యకే, చలవ చేస్తుంది."

"సరే అత్తా." చల్ల మానేసింది. జ్వరం పోయింది, నీరసం పోలేదు.

తర్వాత వియ్యపురాలు వచ్చింది. "లేహ్యం తెచ్చాను వదినా. పప్పు పెట్టకు, వాతం."

"సరే వదినా." పప్పు మానేసింది. జ్వరం పోయింది, నీరసం పోలేదు.

ఆ తర్వాత పెదకాపు వచ్చాడు. "ఈ వేరు అరగదీసి పట్టవే. అన్నం ముట్టనివ్వకు, అరగదు."

"సరే బాబూ." అన్నమూ మానేసింది. ఇంక మిగిలిందేమిటి, నా తలకాయ!

సన్యాసి ఎముకల గూడయ్యాడు. ఓ పొద్దున లేవబోయి, గోడ పట్టుకుని జారిపోయాడు. నూకాలు పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడయ్యా నొప్పి?"

"నొప్పి కాదే, ఆకలి," అన్నాడు.

నూకాలుకి అప్పుడు తెలిసింది. జ్వరం వదిలేసిన మనిషిని తను చంపుతోంది! "ఓలమ్మో, ఎంత పని చేశాను!" అని ఏడ్చింది. ఏడుస్తూనే పొయ్యి రాజేసింది. అన్నం వండింది, పప్పు వండింది, చల్ల చిలికింది.

అంతలో ముగ్గురూ కలిసి దిగారు. "అయ్యో, చల్లా?" "అయ్యో, పప్పా?" "అయ్యో, అన్నమా?"

నూకాలు పెద్ద బుట్టొకటి తెచ్చి గుమ్మానికి అడ్డం పెట్టేసింది. "మీకో దండం! తినేది తెస్తే ఇందులో వెయ్యండి. మందు మాట తెస్తే మోసుకుపొండి!"

సన్యాసి మర్నాడే గంతులేశాడనుకుంటున్నారా? లేదు. కొన్నాళ్లు రెండు ముద్దలు తిని పడుకునేవాడు. కొన్నాళ్లకి అరుగుదాకా నడిచాడు. వానలు వెళ్లాక వెదురుకి వెళ్లాడు.

ఏళ్లు గడిచాయి. నూకాలు ముసలిదై మంచాన పడింది. ఊరంతా వచ్చింది. బుట్టలో పళ్లో గుడ్లో పెట్టి, నోరు మెదపకుండా వెళ్లిపోయింది. రోజూ ఇదే వరస. నూకాలుకి చిర్రెత్తుకొచ్చింది.

"నే వద్దన్నది మందు మాటర్రా, మనిషి మాట కాదు! ఎవరి ఆవు ఈనిందో, ఎవరి పెళ్లి కుదిరిందో చెప్పి చావండి!"

జనం నవ్వుకుంటూ కూర్చున్నారు. ఆ కబుర్లు వింటూనే పోయింది మహాతల్లి.

ఇప్పటికీ మా వైపు జ్వరంపడి లేచినవాళ్ల గుమ్మంలో బుట్ట పెడతారు. వచ్చినవాళ్లు అందులో తినేదేదో పెట్టి, ఊరి కబుర్లు చెబుతారు. ఎవరైనా "నా మాట విని..." అని మొదలెట్టారో, మంచంమీది మనిషే వేలు చూపించి అంటాడు:

"ఉష్! నూకాలు వింటోంది."