లావెక్కిన అక్షరాలు

ఫాంటులో బోల్డు లేదు. బ్రహ్మచారి వాగీశుడికి పొద్దున్నుంచీ అదే తలనొప్పి.

ఆశ్రమ వైద్యశాలలో కాచిన మోకాళ్ల తైలం ఆ మధ్యాహ్నమే కొండ కింది ఊళ్లకు వెళ్లాలి. ప్రతి సీసాకూ ఒక చిన్న కరపత్రం కట్టాలి. అందులో ఒక వాక్యం మాత్రం లావుగా, అందరి కంటా పడేలా ఉండాలని విమలబోధ స్వామి ముందే చెప్పారు. ‘పైపూతకు మాత్రమే. తాగితే ప్రాణాపాయం.’

కంప్యూటరుతోపాటు వచ్చిన ఫాంటు వాగీశుడికి ముద్దొచ్చింది. టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ ఫాంటుకు బోల్డు రూపం లేదని మొహం మీదే చెప్పేసింది.

“బోల్డు ఉన్న ఫాంటు ఇంకొకటి తీసుకోరాదూ?” అన్నారు స్వామి.

“పేజీ అందం చెడుతుంది స్వామీ.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. వెతికి వెతికి ఒక కిటుకు పట్టాడు. ప్రతి అక్షరాన్నీ దాని మీదే మళ్లీ, వెంట్రుకవాసి పక్కకు జరిపి గీయమని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాడు. పెద్దది చేసి చూసుకుంటే తెర మీద అక్షరాలు పుష్టిగా కనిపించాయి.

“లేని బోల్డును తెప్పించాను స్వామీ!” అంటూ ప్రింటు తెచ్చి చూపించాడు.

కరపత్రం అరచేయంత. స్వామి దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూశారు, దూరంగా పెట్టి చూశారు. కింద జీపు డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు.

“కట్టేయమంటారా?” వాగీశుడి గొంతులో విసుగు దాగలేదు.

స్వామి లోపలికి వెళ్లి ఒక తైలం సీసాతో తిరిగొచ్చారు. మందు కోసం వచ్చిన నూకాలమ్మ అరుగు మీద కూర్చుని మోకాళ్లు నొక్కుకుంటోంది. రాత్రి బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న మనిషి. స్వామి సీసా, కరపత్రం ఆమె చేతిలో పెట్టారు.

“చదువుకుని, అందులో ఉన్నట్టు చెయ్యమ్మా.”

ఆమె కాగితాన్ని వెలుగుకు తిప్పుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంది. “సీసా... కుదపాలి.” కుదిపింది. వేలు కింది వరుస మీదికి వచ్చి ఆగింది. ఆమె కళ్లు చికిలించింది. ఆ వరుస వదిలేసి కిందికి దిగింది. “ఉదయం... రెండు చెంచాలు. సాయంత్రం... రెండు చెంచాలు.”

వాగీశుడు నవ్వు మొహంతోనే చూస్తున్నాడు.

నూకాలమ్మ మూత తీసింది. చెంచా లేదుగా, అంచనాగా తాగేద్దామని సీసా పెదవుల దగ్గరికి ఎత్తింది.

వాగీశుడు స్వామి వైపు చూశాడు. ఆయన కదల్లేదు.

“అమ్మా, వద్దు!”

ఒక్క దూకులో వెళ్లి ఆమె చేయి పట్టేశాడు. సీసా ఒరిగి అతని చేతుల మీద ఒలికింది. యాలకుల వాసన. జిగటగా తగిలింది. తైలం కాదు, బెల్లం పానకం.

ముసలమ్మ బిత్తరపోయింది. “ఏటి బాబూ, ఏటైనాది? కాయితంలో ఉన్నట్టే కదా సేసినాను!”

“మధ్యలో లావుగా ఉంది, చూడలేదా?” అతనికి ఏడుపొచ్చేలా ఉంది.

“ఆ నల్లదా? సిరా ఒలికిపోనాదనుకున్నాను బాబూ.”

వాగీశుడు కాగితం అందుకున్నాడు. అక్షరాల కడుపులన్నీ పూడిపోయాయి. ఒత్తులు పైఅక్షరాలకు అంటుకుపోయాయి. ఏం రాశాడో తెలిసిన తనకు మాత్రమే అది వాక్యంలా కనిపిస్తోంది.

“భయపెట్టాను, ఏమీ అనుకోకమ్మా,” అని స్వామి నూకాలమ్మ పక్కన కూర్చున్నారు. అసలు తైలం అరచేతిలో పోసుకుని ఆమె మోకాళ్లకు రాయసాగారు.

కింద మళ్లీ హారన్ మోగింది.

స్వామి తలెత్తకుండానే అడిగారు.

“ప్రతి సీసా వెంటా ఇలా దూకగలవా, నాయనా?”