శుక్రవారం బండ్లు

పెద్దకాలువ తూము దగ్గర నిలబడి ఊరందరి పొలాలకూ నీళ్లు పంచే నీరుగంటి గంగులప్పకు మనుషుల కంటే బండ్ల మీదే అనుమానం ఎక్కువ. ప్రతి శుక్రవారం కామందు భూపతయ్య ఇంటి నుంచి నెయ్యి, బెల్లం, పట్టుబట్టలతో రెండు బండ్లు మంత్రి ఇంటికి వెళ్లేవి. శనివారం తెల్లారేసరికి నీళ్లన్నీ కామందు మామిడితోటకు మళ్లించమని మంత్రి ఆజ్ఞ వచ్చేది. కాలువ చివరి పొలాలు బీటలు వారేవి.

ఉండబట్టలేక గంగులప్ప రాజుగారి దగ్గర మొర పెట్టుకున్నాడు.

మంత్రి గుడ్లురిమాడు. "కామందుకు నా మీద సొంత అన్న మీదున్నంత ప్రేమ. ప్రేమకు లంచమని పేరు పెడతావట్రా?"

"అయితే ప్రభూ, ఒక్క వారం ఆ పదవిలో నన్ను కూర్చోబెట్టండి. మంత్రిగారు ఇంటిపట్టున విశ్రాంతి తీసుకుంటారు," అన్నాడు గంగులప్ప.

రాజుకూ లోపల ఏదో అనుమానం ఉంది. మంత్రి మారాడని ఆ రోజే చాటింపు వేయించాడు.

శుక్రవారం వచ్చింది. బండ్లు మంత్రి వాకిలి దాటి గంగులప్ప గుడిసె ముందు ఆగాయి. అతను వాటిని అలాగే కోటకు తోలుకొచ్చాడు. రాజు ఇంటిదగ్గరున్న మంత్రినీ పిలిపించాడు.

"ప్రభూ, వారం తిరక్కుండానే కామందుకు అన్న మారిపోయాడు!"

మంత్రి తల దించుకున్నాడు. రాజు నవ్వి, "ఇక ఆ పదవి నీదే," అన్నాడు.

"వద్దు ప్రభూ. దారిలో ఆ నెయ్యి వాసన తగిలినప్పటి నుంచి నా మీద నాకే అనుమానంగా ఉంది. తూము తాళం కాలువ చివరి రైతు చేతికివ్వండి. అందరి మళ్లూ తడిస్తేగానీ అతని మడికి నీళ్లు రావు."